రాతి మీద బట్ట: మార్గరేటే బీబర్ చేసిన పని

అందరికీ నమస్కారం. కరపత్రంలో "ఒక జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త" అని మాత్రమే వేశారు. అది చూసి, ట్రాయ్ తవ్విన ష్లీమన్ కథ వినొచ్చని ఎవరైనా వచ్చి ఉంటే ముందే చెప్పేస్తున్నాను, ఈవేళ ఆయన ఊసు లేదు. నిధులూ లేవు, బంగారు నగలూ లేవు. నేను మాట్లాడబోయేది బట్టల గురించి. (నవ్వులు) నిజంగానే. 2,400 ఏళ్ళ క్రితం ఏథెన్స్‌లో ఒక ఆడమనిషి ఒంటికి ఏం చుట్టుకుంది, ఎలా చుట్టుకుంది, ఎక్కడ పిన్ను పెట్టుకుంది అని డెబ్భై ఏళ్ళపాటు పట్టు వదలకుండా అడిగిన ఒక మనిషి గురించి. పేరు మార్గరేటే బీబర్.

ఆవిడ గురించి ఎక్కడ చదివినా రెండు సంగతులు ముందొస్తాయి. ఫలానా గౌరవం పొందిన తొలి స్త్రీ అని ఒకటి, హిట్లర్ కాలంలో దేశం వదలాల్సి వచ్చిన యూదు మేధావి అని రెండోది. రెండూ నిజాలే. కాని ఆ రెండూ చెప్పి ఊరుకుంటే ఆవిడ చేసిన పని మరుగున పడిపోతుంది. నాకు ఆ పని మీదే మోజు. అందుకని జీవితం కాస్త గబగబా చెప్పి, పని దగ్గర నింపాదిగా ఆగుతాను.

పుట్టింది 1879 జూలై 31న, అప్పటి జర్మనీలో పెద్ద రాజ్యమైన ప్రష్యాలో, దాని పశ్చిమ ప్రష్యా ప్రాంతంలో, షోనావు అనే ఊళ్ళో. ఇప్పుడది పోలండ్‌లో ఉంది. కలిగిన కుటుంబం. అయితే ఆ రోజుల్లో ప్రష్యాలో ఆడపిల్ల ఎంత కలిగినవాళ్ళ పిల్లయినా విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా పేరు రాయించుకోవడం కుదిరేది కాదు. బెర్లిన్ వెళ్ళి ప్రైవేటుగా చదివి, 1901లో థోర్న్ పట్టణంలో విశ్వవిద్యాలయానికి వెళ్ళబోయే మగపిల్లలు రాసే పరీక్షే రాసి గట్టెక్కారు. తర్వాత బెర్లిన్ విశ్వవిద్యాలయంలో కూర్చుని పాఠాలు విన్నారు. విన్నారు అనే అంటున్నాను, చేరారు అనడం లేదు. ఒక్కో ప్రొఫెసర్ దగ్గరికీ వెళ్ళి, మీ క్లాసులో కూర్చోనిస్తారా అని అనుమతి తెచ్చుకోవాలి. డీల్స్, విలమోవిట్స్, కెకూలే లాంటి ఉద్దండుల పాఠాలు అలాగే విన్నారు. 1904లో బాన్ వెళ్ళారు, గెయోర్గ్ లోష్కే అనే గురువు దగ్గరికి. 1907లో అక్కడే డాక్టరేట్ పుచ్చుకున్నారు. ప్రష్యా ప్రభుత్వం ఆడవాళ్ళను విద్యార్థులుగా చేర్చుకోవచ్చని ఒప్పుకున్నది 1908లో. అంటే, చేర్చుకోవడం మొదలవక ముందే ఆవిడ డాక్టర్ అయిపోయారు. ఆ ప్రభుత్వానికి అదేమీ వింతగా తోచలేదు కాబోలు.

ఇక ఆ సిద్ధాంత వ్యాసం దేని మీదో చూడండి. డ్రెస్డెన్‌లో నటుడి బొమ్మ చెక్కిన ఒక రాతి ఫలకం ఉంది. దాన్ని ఆధారం చేసుకుని గ్రీకు విషాద నాటకంలో నటుల ఆహార్యం ఎలా ఉండేదో విచారించారు. నాటకం, దుస్తులు, రాతి మీద వాటి రూపం. జీవితమంతా చేసిన పని ఆ మొదటి పుస్తకంలోనే ఉంది. చాలామంది పండితులు నలభై ఏళ్ళు వచ్చాక గాని తమ విషయమేదో తేల్చుకోలేరు. ఈవిడకు 28 ఏళ్ళకే తేలిపోయింది.

1909లో జర్మన్ పురావస్తు సంస్థ వారి ప్రయాణ వేతనం వచ్చింది. ఆ వేతనం పొందిన తొలి మహిళ ఈవిడే. మనకు ఇదేదో చిన్న స్కాలర్‌షిప్‌లా వినిపిస్తుంది గాని, ఆ విద్యలో పైకి రావాలనుకునే యువకులందరూ దాని కోసం ఎదురుచూసేవారు. ఆ డబ్బుతో మధ్యధరా దేశాలు తిరిగి, కట్టడాలూ మ్యూజియాలూ కళ్ళారా చూసి రావాలి. పుస్తకంలో బొమ్మ చూసినవాడికీ, విగ్రహం చుట్టూ తిరిగి వెనక భాగం కూడా చూసినవాడికీ తేడా ఉంటుంది. బట్ట కట్టు అర్థం కావాలంటే వెనక భాగం చూసి తీరాలి. తర్వాత కాసెల్ నగరంలోని ప్రాచీన శిల్పాలకు, కంచు బొమ్మలకు వివరమైన సూచీ తయారుచేశారు. అది 1915లో అచ్చయింది. సూచీ అంటే ఎవరికీ ఉత్సాహం పుట్టదు, నాకు తెలుసు. కాని ఒక్కో శిల్పాన్నీ కొలిచి, ఎక్కడ విరిగిందో ఎక్కడ తర్వాతివాళ్ళు అతికించారో రాసుకుంటూ పోతే వచ్చే చూపు వేరే దేనితోనూ రాదు. ఆ సేకరణలో ఉన్నవి ఎక్కువగా రోమన్ల కాలపు నకళ్ళు. ఆ మాట గుర్తుంచుకోండి, తర్వాత కావాలి.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. అప్పటికి గురువు లోష్కే బెర్లిన్‌లో ఉన్నారు. ఆయన ఆరోగ్యం పాడైతే, ఆయన విభాగంలో పాఠాలు ఈవిడ నడిపించారు. 1915 చివర ఆయన పోయారు. కొత్తగా వచ్చిన ప్రొఫెసర్ ఈవిడను అక్కడ ఉండనివ్వలేదు. అయితే ఏం, విద్యార్థులను ఇంటికే రమ్మన్నారు. తన ఇంట్లోనే క్లాసులు పెట్టారు. 1919లో గీసెన్ విశ్వవిద్యాలయం ఆవిడకు బోధనార్హత ఇచ్చింది. జర్మనీలో డాక్టరేట్ ఒక్కటే చాలదు, విశ్వవిద్యాలయంలో స్వతంత్రంగా పాఠం చెప్పాలంటే దాని మీద ఇంకో పెద్ద మెట్టు ఉంది. ఆ మెట్టు ఎక్కిన మొదటితరం ఆడవాళ్ళు కొద్దిమందిలో ఈవిడ ఒకరు. 1923లో ప్రొఫెసర్ హోదా వచ్చింది.

ఇప్పుడు పనిలోకి వద్దాం. ఈ స్లైడు చూడండి. ఏథెన్స్ నడుమ ఉన్న అక్రోపొలిస్ కొండ మీద ఎరెక్థియోన్ గుడి. స్తంభాల బదులు ఆరుగురు ఆడవాళ్ళు పైకప్పు మోస్తున్నారు. క్రీస్తు పూర్వం అయిదో శతాబ్దం చివర చెక్కినవి. బరువు మోపిన కాలి వైపు చూడండి, మడతలు నిట్టనిలువుగా కిందికి దిగాయి. వంచిన కాలి వైపు బట్ట మోకాలికి అంటుకుంది. సాధారణంగా కళా చరిత్రకారులు ఇక్కడ లయ అంటారు, సమతౌల్యం అంటారు, గంభీర సౌందర్యం అంటారు. బీబర్ అడిగేది వేరు. నడుం దగ్గర ఆ రెండో పొర ఎక్కడి నుంచి వచ్చింది? కుట్టిందా, మడిచిందా? ఆ అంచు వెనక్కి వెళ్ళి ఏమైంది?

దీన్ని పెప్లోస్ అంటారు. ఉన్నితో నేసిన ఒక దీర్ఘచతురస్రపు గుడ్డ. కత్తెర పెట్టరు. పై భాగాన్ని బయటికి మడిచి వదిలేస్తారు, అదే ఆ రెండో పొర. ఒంటి చుట్టూ తిప్పి, రెండు భుజాల మీదా పిన్నులు పెట్టి, నడుముకు పట్టీ కడతారు. పొడవు ఎక్కువైతే పట్టీ మీదుగా కొంచెం లాగి వదులుతారు, అది బుడగలా వేలాడుతుంది. జర్మన్ విద్యార్థులకు ఇది చెప్పడానికి ఆవిడ ఎంత కష్టపడ్డారో గాని, మనకు పెద్దగా చెప్పక్కర్లేదు. చీర కూడా కత్తెర తగలని గుడ్డే. కుచ్చిళ్ళు గుడ్డలో ఉండవు, కట్టుకోవడంలో ఉంటాయి. మడత పెట్టి బీరువాలో పెడితే అది ఉత్త గుడ్డ. అదే చీరను ఒకావిడ ఒక తీరున కడుతుంది, ఇంకొకావిడ ఇంకో తీరున కడుతుంది, నడిస్తే ఒక రకంగా పడుతుంది, నుంచుంటే ఇంకో రకంగా. కుట్టిన గౌన్లు, కోట్లు వేసుకుని పెరిగిన యూరప్ పండితుడికి ఈ ఇంగితం పుట్టుకతో రాదు. బట్టకు ఒక ఆకారం ముందే ఉంటుందని, మనిషి అందులో దూరుతుందని అనుకుంటాడు.

అందుకే బీబర్ బట్ట తెప్పించి, నిజం మనుషులకు కట్టించి, ఫొటోలు తీయించారు. 1928లో వచ్చిన గ్రీకు దుస్తుల పుస్తకంలో ఒక పక్క విగ్రహం, ఇంకో పక్క అదే కట్టుతో నిలబడ్డ మనిషి. ఈ పని మొదట తలపెట్టింది ఆవిడే అనను. ఫ్రాన్స్‌లో లెయోన్ హ్యూజే అనే పెద్దాయన కూడా మనుషులకు బట్టలు చుట్టి చూశాడు. కాని శిల్పాల కాలం తేల్చడానికి, అసలూ నకలూ విడదీయడానికి దీన్ని ఒక పనిముట్టులా అంత దూరం తీసుకెళ్ళింది ఈవిడ.

పెప్లోస్ తర్వాత కిటోన్. అది నారబట్ట, పల్చగా ఉంటుంది, చేతుల పొడుగునా గుండీలతో పట్టి ఉంచుతారు. ఉన్ని బరువుగా పడితే, నార సన్నని మడతలు మడతలుగా పడుతుంది. ఈ మార్పు ఎందుకు వచ్చిందో ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఒక కథ చెబుతాడు. ఏథెన్స్ వాళ్ళు ఐగినా ద్వీపం మీదికి దండెత్తి వెళ్ళి నాశనమైపోయారట. ఒక్కడే బతికి ఇంటికొచ్చాడు. చచ్చిపోయినవాళ్ళ పెళ్ళాలు వాడి చుట్టూ చేరి, మా ఆయనేడీ, మా ఆయనేడీ అని అడుగుతూ భుజాల మీది పిన్నులు ఊడదీసి పొడిచి చంపేశారట. దాంతో బెదిరిన ఏథెన్స్ మగవాళ్ళు, ఇక మీదట ఆడవాళ్ళు పిన్నులక్కర్లేని బట్ట కట్టాలని మార్పించారట. (నవ్వులు) హెరొడోటస్ చెప్పినవన్నీ నమ్మనక్కర్లేదు. కాని ఆ పిన్నులు ఉత్త అలంకారం కావని, బారుగా, గట్టిగా, మనిషిని చంపగలిగేలా ఉండేవని ఆ కథ వినేవాళ్ళకు తెలుసు. తెలియకపోతే కథే నిలబడదు.

నాటకం సంగతి. 1920లో ప్రాచీన రంగస్థలానికి సంబంధించిన ఆధారాలన్నీ ఒక్కచోట చేర్చి పెద్ద పుస్తకం వేశారు. రంగస్థల శిథిలాలు, కూజాల మీది బొమ్మలు, కాల్చిన మట్టి బొమ్మలు, నటులు తొడుక్కునే ముసుగుల రాతి రూపాలు, అన్నీ. అప్పటిదాకా గ్రీకు నాటకం అంటే సాహిత్యం చదివేవాళ్ళ సొత్తు. క్రీస్తు పూర్వం అయిదో శతాబ్దపు ఏథెన్స్ నాటకకర్త సోఫోక్లీస్ వాక్యాలు పట్టుకుని వేదిక ఊహించుకునేవారు. ఇంకో పెద్ద చిక్కు పొలక్స్ అనే నిఘంటుకారుడితో వచ్చింది. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో ఆయన నాటక ముసుగుల జాబితా రాశాడు, విషాద నాటకానికి 28, హాస్య నాటకానికి 44. చక్కటి జాబితా. కాని అది సోఫోక్లీస్ తర్వాత ఆరు వందల ఏళ్ళకు రాసింది! దాన్ని పట్టుకెళ్ళి అయిదో శతాబ్దం ఏథెన్స్‌లో పెడితే ఎలా? ఎత్తు మడమల బూట్లు కూడా అంతే. గ్రీకు విషాద నటుడంటే ఎత్తయిన దిమ్మల్లాంటి చెప్పులు తొడుక్కుని తూలుతూ నడిచేవాడని పాఠ్యపుస్తకాల్లో బొమ్మలుండేవి. తొలినాటి కూజాల మీద చూస్తే మెత్తని తోలు బూట్లు, కాలికి అంటుకున్నట్టు ఉంటాయి. దిమ్మలు చాలా కాలం తర్వాతి సంగతి.

నేపుల్స్‌లో ప్రొనోమోస్ కూజా అని ఒకటి ఉంది, సుమారు క్రీస్తు పూర్వం 400 నాటిది. మధ్యలో మద్యానికీ నాటకానికీ దేవుడైన దియోనిసస్, కింద వేణువు వాయించే ప్రొనోమోస్, చుట్టూ నటులు. నటులు ముసుగులు చేత్తో పట్టుకుని తీరుబడిగా కబుర్లాడుకుంటున్నారు. వాళ్ళ ఒంటి మీద పొడుగు చేతుల అంగీలు, నిండా బుటాలు. మామూలు గ్రీకువాడు చేతులున్న అంగీ తొడగడు. మరి నటుడికి ఇది ఎక్కడిది? 1917లో బీబర్ దీని మీదే ఒక వ్యాసం రాశారు. ఈ వేషం మూలాలను దియోనిసస్ ఆరాధనతో ముడిపెట్టారు. ఒప్పుకున్నవాళ్ళున్నారు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. నాకైతే జవాబు కన్నా ప్రశ్న గొప్పగా తోస్తుంది.

ఇలా ఉండగా 1933 వచ్చింది. అంతకు ముందు ఏడాదే, 53 ఏళ్ళ వయసులో, ఒక చిన్న పాపను దత్తత తీసుకున్నారు. పెళ్ళి చేసుకోలేదు. ఏప్రిల్ 7న కొత్త ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. పేరేమో ఉద్యోగ వ్యవస్థ పునరుద్ధరణ, పనేమో యూదు మూలాలున్నవాళ్ళను ప్రభుత్వోద్యోగాల నుంచి గెంటేయడం. ఆ వేసవిలో ఆవిడ ఉద్యోగం పోయింది. పద్నాలుగేళ్ళు పాఠం చెప్పిన చోటు. పాపను తీసుకుని ఇంగ్లండ్ వెళ్ళారు. ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్ కాలేజీ ఒక ఏడాది ఆశ్రయం ఇచ్చింది. 1934లో న్యూయార్క్, బర్నార్డ్ కాలేజీ. ఆ తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయం. ఆ దారిన వెళ్ళింది ఆవిడ ఒక్కరే కాదు. మ్యూన్‌స్టర్ నుంచి గెంటేసిన కార్ల్ లేమన్ న్యూయార్క్ చేరి, సమోత్రాకె ద్వీపంలో తవ్వకాలు మొదలుపెట్టాడు. అమెరికాలో గ్రీకు రోమన్ కళల చదువు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అంత బలపడిందంటే, దానికి జర్మనీ తనంతట తాను చేసుకున్న ఈ నష్టం ఒక కారణం.

55 ఏళ్ళ వయసులో పరాయి భాషలో పాఠం చెప్పడం మాటలు కాదు. ఈవిడ చేసిందేమిటంటే, 1939కల్లా గ్రీకు, రోమన్ నాటక రంగ చరిత్రను ఇంగ్లీషులో రాసి అచ్చు వేయించారు. అది 1920 పుస్తకానికి అనువాదం కాదు, కొత్తగా కట్టింది. నాటక శాఖల్లో చదివేవాళ్ళు దశాబ్దాలపాటు దాన్నే చదివారు. 1942లో లావొకూన్ శిల్పం మీద ఒక చిన్న పుస్తకం. పాములు చుట్టుకున్న తండ్రీ, ఇద్దరు కొడుకులూ, మీరు చూసే ఉంటారు. 1506లో రోమ్‌లో దొరికింది. అది దొరికాక యూరప్ కళనూ ఆలోచననూ ఎలా కదిలించిందో చెప్పే పుస్తకం. ఇక్కడ ఒక పక్క సంగతి చెప్పాలి. ఆ తండ్రి కుడి చెయ్యి దొరకలేదు, బారుగా చాచిన చెయ్యి ఒకటి చేసి అతికించారు. అసలు చెయ్యి, మోచేతి దగ్గర వంగినది, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రోమ్‌లో లూడ్విగ్ పొల్లాక్ అనే పురావస్తు పండితుడి కంటబడింది. తెచ్చి వాటికన్‌కు ఇచ్చాడు. ఆయనా యూదుడే. 1943లో నాజీలు రోమ్ నుంచి ఆయన్ని ఔష్విట్జ్ మరణ శిబిరానికి తీసుకుపోయారు. ఆయన తెచ్చిన చెయ్యిని విగ్రహానికి అమర్చింది 1950ల చివర. బీబర్ తన పుస్తకాన్ని 1967లో పెంచి మళ్ళీ వేశారు.

1948లో కొలంబియా నుంచి విరమణ. అసలు గట్టి పుస్తకాలు ఆ తర్వాత వచ్చాయి. హెలెనిస్టిక్ కాలపు, అంటే అలెగ్జాండర్ తర్వాతి మూడు శతాబ్దాల, గ్రీకు శిల్పం మీద 1955లో ఒకటి. అలెగ్జాండర్ చక్రవర్తి రూపాల మీద 1964లో ఇంకోటి. 1974లో అమెరికా పురావస్తు సంస్థ బంగారు పతకం ఇచ్చింది, 95వ ఏట. అందరూ అక్కడితో ఆగుతారు. ఈవిడ 1977లో ప్రాచీన నకళ్ళ మీద ఒక మహా గ్రంథం అచ్చు వేయించారు. కాసెల్‌లో రోమన్ నకళ్ళని గుర్తుంచుకోమన్నాను కదా, అక్కడికే వస్తున్నాం.

చిక్కేమిటంటే, గ్రీకుల గొప్ప శిల్పాల్లో చాలా వరకు కంచువి. కంచు కరిగించుకోవచ్చు, కరిగించేశారు. మనకు మిగిలినవి రోమన్ ధనికులు తోటల్లో, స్నానశాలల్లో పెట్టుకోవడానికి పాలరాతిలో చేయించుకున్న నకళ్ళు. పందొమ్మిదో శతాబ్దం జర్మన్ పండితులు ఒకే శిల్పానికి ఉన్న నకళ్ళన్నీ పక్కపక్కన పెట్టి, అన్నిటిలో ఉన్నది మూలంలోది, ఒక్కదానిలోనే ఉన్నది ఆ నకలుకారుడిది అని లెక్క తేల్చేవారు. తెలివైన పద్ధతే. కాని నకలు అంటే అచ్చుగుద్దినట్టు ఉంటుందన్న నమ్మకం దాని అడుగున ఉంది.

బీబర్ ఆ నమ్మకాన్ని బట్టతో పరీక్షించారు. పెప్లోస్ ఎప్పుడూ కట్టని కాలంలో, కట్టినవాళ్ళను చూడని శిల్పి పెప్లోస్‌ను నకలు చేస్తే ఏమవుతుంది? ముఖం తప్పకుండా చెక్కగలడు, చెయ్యి చెక్కగలడు. మడత దగ్గర దొరికిపోతాడు. ఒక అంచు భుజం దగ్గర మొదలై ఎక్కడికీ చేరదు. లోపలి బట్టా పైబట్టా కలిసిపోతాయి. పట్టీ కట్టినట్టు ముడతలుంటాయి, పట్టీ ఉండదు. ఇంకొన్నిసార్లు నకలుకారుడు తెలిసే మారుస్తాడు, తన కాలపు రోమన్ ఇల్లాలి కట్టును గ్రీకు దేవత ఒంటికి పెడతాడు. అప్పుడది పొరపాటు కాదు, అదొక రోమన్ కళాఖండం. దాని కాలానికి దాని విలువ ఉంది. రోమన్ పురుషులు గ్రీకు పైవస్త్రం కప్పుకుని చేయించుకున్న విగ్రహాల మీద 1959లో రాసిన వ్యాసంలోనూ ఇదే తీరు. వాళ్ళు రోమన్ పౌరుల పైవస్త్రమైన టోగా విడిచి గ్రీకు వేషం ఎందుకు వేసుకున్నారన్నది కళా ప్రశ్న కాదు, సమాజం గురించిన ప్రశ్న.

హెర్క్యులేనియం అంటే ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం పూడ్చేసిన ఊరు; హెర్క్యులేనియం స్త్రీలని మూడు విగ్రహాలున్నాయి, పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఆ ఊరి బావి తవ్వకంతో బయటపడ్డవి. వియన్నా వెళ్ళి, అక్కణ్ణుంచి 1736లో డ్రెస్డెన్ చేరాయి. గ్రీకు కళ మీద జర్మన్ల వ్యామోహానికి ఆద్యుడైన వింకెల్మన్ వాటి మీది బట్టల మడతలు చూసి పరవశించాడు. ఆయనకు అవి గ్రీకు సౌందర్యానికి నిలువెత్తు నమూనాలు. బీబర్ 1962లో వాటి గురించి రాస్తూ, ఈ రూపం రోమన్ సామ్రాజ్యమంతటా ఎన్ని నకళ్ళుగా పాకిందో, ఊరి పెద్దింటి ఆడవాళ్ళు తమ ముఖం పెట్టించుకోవడానికి ఈ ఒళ్ళు ఎలా వాడుకున్నారో చూపించారు. ఒళ్ళు ఒకటే, తలలు మారతాయి. వింకెల్మన్ చూసింది తప్పని అనలేం, అతనికి అందులో రోమ్ కనపడలేదు, అంతే.

ఆవిడ రాసిన ప్రతి మాటా ఇవాళ చెల్లుతుందని అనను. హెలెనిస్టిక్ శిల్పాలకు ఆవిడ వేసిన కాలాలు చాలా మారిపోయాయి. ఎవరు చెక్కారో పేరు పెట్టేయాలన్న తొందర ఆ తరం పండితుల్లో అందరికీ ఉంది, ఈవిడకూ ఉంది. పుస్తకాలు కూడా కొన్నిచోట్ల బొమ్మల జాబితాలా సాగుతాయి, ఒక దాని తర్వాత ఒకటి, ఊపిరి తీసుకోనివ్వవు. చదివేటప్పుడు నాకు కునుకు పట్టిన పేజీలున్నాయి. (నవ్వులు) కాని నకలును నకలు చేసిన కాలంలో పెట్టి చూడాలన్న మాట ఇప్పుడు ఆ రంగంలో అందరూ అనేదే. ఈవిడ అప్పటికే బట్ట పట్టుకుని నిరూపిస్తున్నారు.

1978 ఫిబ్రవరి 25న కనెక్టికట్ రాష్ట్రంలో న్యూ కేనన్ అనే ఊళ్ళో పోయారు, 98 ఏళ్ళకు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక గీసెన్ విశ్వవిద్యాలయం గౌరవ సెనేటర్ పదవి ఇచ్చింది, ఇప్పుడక్కడ ఆవిడ పేరుతో ఒక సభామందిరం ఉంది.

జర్మనీలో చదువుకుంటున్న పిల్లలున్నవాళ్ళు మీలో కొందరు ఉండే ఉంటారు. అటు వెళితే ఆ మూడు విగ్రహాలూ డ్రెస్డెన్ శిల్ప సేకరణలో ఉన్నాయి. కాసెల్‌లో ఆవిడ సూచీ రాసిన శిల్పాలు విల్‌హెల్మ్స్‌హోహె కోటలో పెట్టారు, అక్కడి అపోలోను తప్పకుండా చూడండి. అతనికి మాత్రం బట్టల్లేవు. (నవ్వులు) మీకు వీలైతే ఏ విగ్రహానికైనా వెనక్కి కూడా వెళ్ళి, ఒక అంచు పట్టుకుని అది ఎక్కడ తేలుతుందో కంటితో వెతకండి. ఇంక ప్రశ్నలుంటే అడగండి. టోగా గురించి అడగాలనుకున్నవాళ్ళు ముందు రండి, దాన్ని కట్టి చూపించడానికి ఒక దుప్పటి తెచ్చాను.